ఫ్యాన్ గాలికి పేజీ తిరిగినా మా పాప చదువు ఆగలేదు (3వ తరగతి, తెలుగు)

ఖమ్మం_నాన్న | 12 జూలై, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మా పాప మూడో తరగతి. ప్రైవేటు స్కూలు, ఇంగ్లిష్ మీడియం, తెలుగు ఒక సబ్జెక్టు. నిన్న రాత్రి తెలుగు పాఠం చదువుకుంటుంటే పక్కన కూర్చున్నాను. గొంతెత్తి, మాట కింద వేలు పెట్టి గడగడా చదువుతోంది. ఇంతలో ఫ్యాన్ గాలికి పేజీ తిరిగిపోయింది. పాప ఆగలేదు. వేలు కొత్త పేజీలో ఏదో బొమ్మ కింద కదులుతోంది, నోరు మాత్రం పాత పేజీలో పాఠమే చెబుతోంది.

మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత భయమేసింది. అదే పాఠంలోంచి కొన్ని మాటలు తెల్లకాగితం మీద విడివిడిగా రాసి చూపించాను. "పలక" చదివింది. "గుడిసె" దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది. "కావు"ను "కామ" అంది. "భక్తి"ని "భకిత" అంది. ప్రోగ్రెస్ కార్డులో తెలుగుకి ఏ గ్రేడు ఉంది. స్కూల్లో అడిగితే "మీ పాప అందరికంటే గట్టిగా చదువుతుంది సార్" అన్నారు. గట్టిగా చదువుతుందన్నది నిజమే.

మా ఆవిడ ట్యూషన్ పెట్టిద్దామంటోంది. నాకేమో ఆలస్యమైపోయిందేమోనని టెన్షన్. ఎనిమిదేళ్లు వచ్చాయి. ఇప్పుడు మొదలుపెడితే వస్తుందా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పిడుగు_తల్లి | 12 జూలై, రాత్రి 9:58

అమ్మో, ఇప్పుడే వెళ్లి మా వాడి పేజీ తిప్పి చూస్తాను.

పిడుగు_తల్లి | 12 జూలై, రాత్రి 10:11

తిప్పాను. వాడూ ఆగలేదు. ఈ చర్చలో నేనూ ఉన్నాను.

సందేహాలరావు | 12 జూలై, రాత్రి 10:30

ఇందులో ఆశ్చర్యం ఏముంది? ఇంట్లో ఫోను, బళ్లో ఇంగ్లిష్. మా రోజుల్లో ఒకటో తరగతికే గుణింతాలన్నీ కంఠతా వచ్చేవి, రాకపోతే తొడపాశం. ఫోన్ లాక్కుని రోజుకి రెండు గుణింతాలు ఇంపోజిషన్ రాయించండి, నెల తిరిగేసరికి అదే వస్తుంది.

తండా_టీచరమ్మ | 13 జూలై, ఉదయం 6:15

ఖమ్మం నాన్నగారూ, నేను మహబూబాబాద్ వైపు ఒక తండా బళ్లో ఎస్జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని. పదహారేళ్లుగా ఒకటి నుంచి మూడు తరగతులే చెబుతున్నాను. ట్యూషన్ సంగతి కాసేపు పక్కన పెట్టండి.

పాఠం మొత్తం నోటికి వచ్చిందంటే ఆ పిల్లకి జ్ఞాపకశక్తి మెండుగా ఉందన్నమాట. క్లాసులో జరిగేది ఏమిటంటే, టీచరు ఒక లైను చదువుతారు, పిల్లలంతా వెనకే కోరస్‌గా అంటారు. ఆ కోరస్‌లో నిజంగా చదివే పదిమంది గొంతుల వెనక మిగతా ముప్పై మంది హాయిగా దాక్కుంటారు. నా క్లాసులోనూ దాక్కున్నారు. మొదటి రెండేళ్లు నేను కనిపెట్టలేకపోయాను. ఇన్స్పెక్షన్‌కి వచ్చినాయన ఒక పిల్లవాడిని పిలిచి చివరి లైను నుంచి పైకి చదవమన్నాడు. ఆ రోజు నా మొహంలో నెత్తురు చుక్క లేదు.

మీ ఇంటి ఒక్క సమస్యే కాదిది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి 'అసర్' పేరుతో పల్లెల్లో సర్వే చేస్తోంది. బడికి కాదు, ఇంటికి వెళ్తారు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివిస్తారు. 2024లో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్లు సుమారు 27 శాతం. కరోనా తర్వాత, 2022లో, అది 20 దగ్గరికి దిగింది. అంటే నలుగురిలో ముగ్గురు మీ పాప బెంచీలోనే ఉన్నారు. ప్రభుత్వాలకీ ఇది తెలుసు. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ అనే పథకం పెట్టింది, మా తెలంగాణలో 2022 ఆగస్టులో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలైంది. మూడో తరగతి దాటేలోపు చదవడం రావాలన్నదే రెండింటి లెక్కా.

అసర్ వాళ్లు వాడే కాగితం లాంటిది మీరే ఇంట్లో తయారుచేసుకోవచ్చు. పైన వరస కలిపేసి పది అక్షరాలు, కింద రెండక్షరాల మూడక్షరాల మాటలు పది, ఆ కింద నాలుగు లైన్ల పేరా, చివర పదిలైన్ల కథ. పాఠ్యపుస్తకంలోది ఒక్క వాక్యం కూడా ఉండకూడదు. చదువుతుంటే దిద్దకండి, అందించకండి, నిట్టూర్చకండి. నిట్టూర్పు పిల్లలకి చెంపదెబ్బకంటే గట్టిగా వినపడుతుంది. ఎక్కడ ఆగింది, ఏ మాటని ఏమని చదివింది, అదొక్కటే రాసుకుని ఇక్కడ పెట్టండి. తప్పుల్లోనే ఉంటుంది అసలు కథంతా.

సందేహాలరావు గారూ, ఇంపోజిషన్ వల్ల చేతిరాత బాగుపడుతుందండీ, చదువు రాదు. నా దగ్గర ముత్యాల్లాంటి రాతతో బోర్డు మీద పాఠం దించేసి, రాసింది చదవమంటే దిక్కులు చూసే పిల్లలున్నారు.

ఖమ్మం_నాన్న | 13 జూలై, రాత్రి 8:50

మేడమ్, మీరు చెప్పినట్టే చేశాను. నిట్టూర్చకుండా ఉండటానికి పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాను.

అక్షరాల్లో ఛ, ఝ, ఠ రాలేదు. థ, ధ ఒకటే అంది. మిగతావి చెప్పింది. ఒత్తులూ గుణింతాలూ లేని మాటలు, తల, వల, గంప, చదివింది. అక్కడిదాకా సంతోషమే.

"కొడవలి" చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. పెదాలు కదులుతున్నాయి. చెవి పెట్టి విన్నాను. "క కా కి కీ కు కూ..." అని లోపల అనుకుంటోంది, వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ. పదకొండో వేలు లేక మళ్లీ మొదటికొచ్చింది. తర్వాత "కో... కౌ..." అంటూ "కోడవలి" అంది. అంటే గుణింతం మొత్తం వచ్చు, మధ్యలోంచి ఒకటి తీసి చూపిస్తే రాదు. ఒకటో నంబరు నుంచి మెట్లెక్కుతూ రావాలి!

ఒత్తులున్న మాటలైతే మరీ ఘోరం. "అమ్మ" తప్ప ఏదీ రాలేదు. పేరా, కథ చూపించలేదు, అప్పటికే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆపేసి బజ్జీలు తెచ్చిపెట్టాను.

బలపం_మాస్టారు | 13 జూలై, రాత్రి 10:05

నాయనా, ఆ వేళ్ల లెక్క చదువుతుంటే నా సర్వీసంతా కళ్లముందు కదిలింది. ముప్పై నాలుగేళ్లు చెప్పి రిటైరయ్యాను. "కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని నేనే పాట పాడించాను. ఆ పాట మంచిదే, గుర్తుల పేర్లు నోటికొస్తాయి. కానీ పాటని పాటగా వదిలేస్తే మీ పాపలాగే అవుతుంది. పాట వచ్చాక దాన్ని పగలగొట్టాలి. కొ, మి, తే, పూ అంటూ అడ్డదిడ్డంగా అడగాలి. నేను గచ్చకాయల మీద సుద్దతో రాసి గుప్పిట్లోంచి విసిరేవాణ్ణి. ఏది పైకి తేలితే అది చదవాలి.

ఇక "భకిత" సంగతి. దీన్ని తప్పు అనడానికి నాకు మనసొప్పదు. ఒకసారి ఆ మాట కాగితం మీద రాసుకుని పసిపిల్ల కళ్లతో చూడండి. గుడి ఎక్కడుంది? క నెత్తిన. త ఎక్కడుంది? కింద. కంటికి కనపడే వరసలో చదివితే "కి", తర్వాత "త". భకిత! మనమేం చేస్తాం? క దగ్గర గుడిని చూసీ చూడనట్టు వదిలేసి, కిందికి దిగి త అందుకుని, మళ్లీ పైకెళ్లి గుడిని తెచ్చి త కి తగిలిస్తాం. ఈ దిగుడు ఎక్కుడు ఎవరైనా కూర్చోబెట్టి చూపించారా ఆ పిల్లకి? గుణింతాలు అయిపోయాయి, ఒత్తులు అయిపోయాయి, పాఠాల్లో పడండి అన్నారు, అంతే.

ఇంకో తమాషా. క ఒత్తు, ట ఒత్తు లాంటివి చూస్తే అసలు అక్షరం గుర్తుకొస్తుంది. త, న, మ, య, ర, ల... ఈ ఆరింటి ఒత్తులకీ తల్లి అక్షరంతో పోలికే ఉండదు. మనింట్లో మనుషులందరూ ఆ ఆరింటిలోనే ఉన్నారు చూడండి: అమ్మ, అయ్య, అన్న, అత్త, చెల్లి, తమ్ముడు. అచ్చుల చార్టులో మొదటి గదిలోనే "అ - అమ్మ" అని పెట్టి, మొట్టమొదటి మాటలోనే పోలిక లేని ఒత్తు ఇస్తున్నాం. పిల్ల దాన్ని చదవదు, బొమ్మ చూసి అమ్మ అంటుంది. మనం చప్పట్లు కొడతాం. ర ఒత్తు మరీ గడుసుది. పలికేటప్పుడు వెనక వస్తుంది, రాసేటప్పుడు అక్షరానికి ఎడమ పక్క నుంచి చుట్టుకుంటుంది. ఈ మధ్య వాచకాల్లో తల, వల, పలక లాంటి మాటలతో మొదలుపెట్టడం ఊరికే కాదు.

మా తాతగారి పుస్తకాల్లో వలపలగిలక కూడా ఉండేది, అంటే ముందు పలికే ర్ ని అక్షరం తర్వాత గుర్తుగా రాయడం. అదింకా వాడుకలో ఉంటే మీ పాప నా మీద కేసు పెట్టేది.

పిడుగు_తల్లి | 13 జూలై, రాత్రి 10:20

మాస్టారూ, భక్తిని ఇరవై ఏళ్లుగా చదువుతున్నా గుడి క మీద ఉందని ఇవాళే చూశాను.

అక్షరాల_పిచ్చి | 14 జూలై, మధ్యాహ్నం 1:30

హైదరాబాద్‌లో భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మాస్టారు అనుభవంతో చెప్పినదాన్ని పరిశోధకులు లెక్కలతో చెప్పారు. సోనాలీ నాగ్ అనే ఆవిడ కన్నడ పిల్లల మీద చేసిన పని 2007లో అచ్చయింది. కన్నడ లిపి మనదానికి అక్కచెల్లెలే కదా. ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలు 26 అక్షరాలని ఏడాది రెండేళ్లలో ముగిస్తుంటే, కన్నడ పిల్లలకి అక్షరాలు నేర్చుకోవడమే నాలుగో తరగతి దాకా సాగుతోందని ఆవిడ చూపించారు. మన లెక్క చూసుకోండి. 56 అక్షరాలు అంటాం గానీ కంటికి కనపడే ఆకారాలు అంతకంటే చాలా ఎక్కువ. హల్లులకి గుణింతాలు వేస్తేనే నాలుగైదు వందలు, ఒత్తులు చేరితే ఇంకా ఎన్నో. మూడో తరగతిలో తడబడటం "ఆలస్యం" కాదు, దారి మధ్యలో ఉండటం.

కానీ మనకో పెద్ద సుఖం ఉంది. మన అక్షరం పేరూ దాని ధ్వనీ ఒకటే. క అంటే క. ఇంగ్లిష్‌లో బి-యు-టి బట్, పి-యు-టి పుట్. మనకి ఆ బాధ లేదు. ఒకసారి ఆకారాలు పట్టుబడితే తెలుగులో ఏ మాటైనా పైకి చదివేయొచ్చు.

నిపుణ్ భారత్ మీద నాకో గొణుగుడుంది. మూడో తరగతి పిల్లలు నిమిషానికి 60 మాటలు చదవాలని లక్ష్యం పెట్టారు. "తెచ్చుకోవాలనుకుంటున్నాడు" ఎన్ని మాటలండీ? ఒకటి! అదే సంగతి ఇంగ్లిష్‌లో చెబితే ఐదారు మాటలు. తెలుగు పిల్లని ఇంగ్లిష్ గడియారంతో పరిగెత్తించకూడదు. నాన్నగారూ, ఎవరైనా స్టాప్‌వాచ్ పెట్టమంటే పెట్టకండి.

సందేహాలరావు | 14 జూలై, సాయంత్రం 5:10

లిపి మీద తోసేస్తున్నారు. మేమూ ఇదే లిపి నేర్చుకున్నాం. తేడా మీడియంలో ఉంది. నోట్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. రెండు పడవల మీద కాళ్లు.

తండా_టీచరమ్మ | 14 జూలై, రాత్రి 9:00

మీ మాటలో సగం నిజం ఉందండీ, కాదనను. అలాగే "మేమూ నేర్చుకున్నాం" అన్నప్పుడు మీతోపాటు ఒకటో తరగతిలో చేరి, మూడోదాకా రాకుండా గొడ్లు కాయడానికి పోయిన వాళ్లని కూడా లెక్కలో వేయండి. వాళ్లు ఇక్కడికొచ్చి రాయలేరు కదా.

పడవల సంగతికొస్తే, మా తండా పిల్లలకి మూడు పడవలు. ఇంట్లో లంబాడీ, ఆటలో తెలుగు, పుస్తకంలో 2022 నుంచి ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కోలామి, సవర, కువి, కొండ, బంజారా (అదే లంబాడీ), ఆదివాసీ ఒరియా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు వేశారు. ఇంటి మాటతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తెచ్చే పద్ధతి. ఆ పుస్తకం చేతిలో పెట్టిన రోజు ఒక పిల్ల తన భాషలో మాట చదివి ఉలిక్కిపడి నవ్వింది, "టీచర్, ఇది మా ఇంట్లో మాట!" అని. తెలిసిన మాట కాగితం మీద కనపడితే పిల్లలు అలా వెలుగుతారు. తెలియని మాటని ఎంత స్పష్టంగా చదివినా ఆ వెలుగు రాదు.

డాలస్_అమ్మ | 15 జూలై, ఉదయం 7:45

టీచర్ గారి చివరి మాట నాకు గుచ్చుకుంది. మాది తిరగేసిన కథ. మా బాబుకి పదేళ్లు, ఇక్కడే పుట్టాడు. ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే మనబడికి మూడేళ్లు వెళ్లాడు. తెలుగు పేపరు ఇస్తే హెడ్‌లైన్లు గడగడా చదువుతాడు. ఒత్తులు, క్రావడి, అన్నీ. మా అత్తగారు వీడియో కాల్‌లో విని మురిసిపోయి కళ్లు తుడుచుకున్నారు. నేను "దాని అర్థమేంటి నాన్నా?" అని అడిగాను. "ఐడియా లేదు" అన్నాడు. గుడిలో మంత్రం చదివినట్టు చదువుతాడు.

మీ పాపకేమో "కొడవలి" అంటే తెలుసు, చదవడం రాదు. మావాడికి చదవడం వచ్చు, కొడవలి అంటే తెలీదు.

అక్షరాల_పిచ్చి | 15 జూలై, ఉదయం 10:20

డాలస్ అమ్మగారూ, 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు ఈ సంగతినే చిన్న లెక్కగా రాశారు. చదివి అర్థం చేసుకోవడం = అక్షరాలని విప్పడం × భాష అర్థమవడం. కూడిక కాదు, గుణకారం. ఒక పక్క సున్నా ఉంటే రెండో పక్క ఎంత ఉన్నా సున్నాయే. మీ బాబుకి కుడి పక్క తక్కువ, ఖమ్మం పాపకి ఎడమ పక్క తక్కువ.

పెన్నా_ఒడ్డు | 15 జూలై, రాత్రి 11:15

నాది నెల్లూరు జిల్లా. పిల్లల గురించి కాదు, మా అమ్మ గురించి రాస్తున్నాను. చర్చ పక్కదారి పట్టిస్తే మన్నించండి.

అమ్మ ముప్పై రెండేళ్ల వయసులో చదవడం నేర్చుకుంది. 1991లో మా జిల్లాలో అక్షరదీపం అని సాక్షరతా ఉద్యమం నడిచింది. సాయంత్రం పొలం పని అయ్యాక లాంతరు పెట్టుకుని ఆడవాళ్లంతా కూర్చునేవాళ్లు. నేను అప్పుడు రెండో తరగతి. పక్కన కూర్చుని అమ్మ పలక చూస్తుండేవాణ్ణి. ఆ వాచకంలో అ అమ్మ, ఆ ఆవు కాదు. కూలి, సారా, మొగుడు తాగి రావడం, అవి పాఠాలు. అమ్మకి "సారా" అనే మాట చదవడం ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. దీర్ఘం కూడా. ఎందుకు రాదు? రోజూ ఇంట్లో ఉన్న మాటే కదా. ఆ పాఠాల దగ్గర కూర్చున్న దూబగుంట ఆడవాళ్లు లేచివెళ్లి సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఇదంతా మీకు తెలిసిందే.

అమ్మ ఈనాటికీ నవల చదవలేదు, చదవదు కూడా. కానీ డ్వాక్రా పుస్తకంలో తన పేరు పక్కన అంకె చూసుకుంటుంది, మందుల చీటీ వెనక నేను రాసిన "ఉదయం, రాత్రి" చదువుకుంటుంది, బస్సు బోర్డు చదివి ఎక్కుతుంది. ఒకప్పుడు "ఈ బస్సు ఎక్కడికి పోతుందయ్యా" అని అడిగితే ఒకడు వెటకారంగా తప్పు ఊరు చెప్పి ఎక్కించాడట. ఆ కోపంతో బోర్డులు నేర్చుకున్నానంటుంది.

ఖమ్మం నాన్నగారూ, మీ పాపకి పుస్తకం వద్దు కొన్నాళ్లు. బస్టాండుకి తీసుకెళ్లండి.

ఖమ్మం_నాన్న | 16 జూలై, ఉదయం 5:50

పెన్నా అన్నా, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. మా ఇల్లు బస్టాండుకి పది నిమిషాలు. ఆదివారం వెళ్తాం.

మౌనిక_వాళ్లమ్మ | 16 జూలై, ఉదయం 11:00

ఒక్క మాట జాగ్రత్తకి. మా పెద్దమ్మాయికి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది. నాలుగేళ్లపాటు "బద్ధకం" అన్నారు, నేనూ అన్నాను. అదే తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఖమ్మం పాప చేసే తప్పులు వింటే నాకు ఎవరూ సరిగా నేర్పకపోవడమే కనిపిస్తోంది, కాబట్టి భయపెట్టడం లేదు. అయినా ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. రెండు మూడు నెలలు రోజూ పక్కన కూర్చుని నేర్పినా నిన్న వచ్చిన అక్షరం ఇవాళ మాయమైపోతుంటే, ప్రాస మాటలు పట్టుకోలేకపోతుంటే, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే, అప్పుడు నిపుణుల దగ్గరికి వెళ్లండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యసన వైకల్యాలనీ చేర్చారు, సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటివి దొరుకుతాయి. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్. నెమ్మదిగా చదువుతుంది. బొమ్మలు మాత్రం గోడలు పట్టనన్ని వేస్తుంది.

పిడుగు_తల్లి | 16 జూలై, మధ్యాహ్నం 2:15

పుస్తకాలు ఏవి కొనాలి? మా వాడి పాఠ్యపుస్తకం చూస్తేనే నాకు నిద్రొస్తోంది.

తండా_టీచరమ్మ | 16 జూలై, రాత్రి 8:40

డబ్బు పెట్టక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటు ఉచితం, తెలుగు కథలు బోలెడు. నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. అచ్చు పుస్తకమే కావాలంటే హైదరాబాద్‌లో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి తక్కువ ధరకే దొరుకుతాయి. తరగతికి తగ్గ పుస్తకం కాదు, పిల్లకి తగ్గ పుస్తకం తీసుకోండి. పేజీలో ఐదారు మాటలకంటే ఎక్కువ దగ్గర ఆగిపోతుంటే అది ఇప్పటికి బరువే.

రోజూ పదిహేను నిమిషాలు చాలు. ముందు మీరు చదివి వినిపించండి, నవ్వాల్సిన చోట నవ్వండి. తర్వాత పిల్ల చదువుతుంది. ఆగితే ఐదు లెక్కపెట్టి అప్పుడు అందించండి. చివర్లో "నీతి ఏమిటి?" అని మాత్రం అడక్కండి, దండం పెడతాను.

ఖమ్మం_నాన్న | 24 ఆగస్టు, రాత్రి 9:30

ఆరు వారాలైంది. సలహాలిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కళ్లు, చెవులు బాగానే ఉన్నాయి. గచ్చకాయలు దొరకలేదు, సీసా మూతల మీద మార్కర్‌తో రాశాం. మాస్టారూ, మొదటి వారం అందులో నేనే ఓడిపోయాను, ఘృ చదవలేక. పాప పొట్ట పట్టుకుని నవ్వింది. "కొ" కోసం మెట్లెక్కడం పన్నెండో రోజుకి ఆగిపోయింది, ఇప్పుడు సూటిగా అంటుంది. ఒత్తుల దగ్గర చిన్న చిట్కా పట్టాం. పై అక్షరాన్ని సగం మింగి, కిందికి దూకి, పైనున్న గుర్తుని లాక్కుని రావాలి. "మింగు, దూకు, లాగు" అని దానికి పేరు పెట్టుకుంది.

బస్టాండు మాత్రం అద్భుతం. మధిర, వైరా మొదటి రోజే చదివేసింది. పాల్వంచకి రెండు వారాలు పట్టింది. సత్తుపల్లి బస్సు ముందు నిలబడి "మింగు, దూకు, లాగు" అని గట్టిగా అంటూ రెండు ఒత్తులూ దాటి "సత్తుపల్లి!" అని అరిస్తే డ్రైవరు "ఎక్కుతారా?" అని అడిగాడు. భద్రాచలం ఇంకా "భదారచలం" అవుతోంది అప్పుడప్పుడు.

మధ్యలో ఒక వారం మొత్తం పోయింది. జ్వరం, ఆ తర్వాత అలక. ఒకరోజు నేనే విసుక్కున్నాను, పుస్తకం విసిరేసింది. రెండు రోజులు ముట్టుకోలేదు. మా ఆవిడ ఏమీ అనకుండా పక్కన కూర్చుని తనే కథ పైకి చదువుకోవడం మొదలుపెట్టింది, అదీ తప్పులు చదువుతూ. పాప ఉండబట్టలేక వచ్చి దిద్దింది. మళ్లీ బండి కదిలింది.

స్కూల్లో కలిశాను. టీచరు పాపం చిన్నమ్మాయి. "ముప్పై ఎనిమిది మంది సార్, ఒక్కొక్కరితో విడిగా ఎప్పుడు చదివించను?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లిష్ పుస్తకం ఇప్పటికీ చూడకుండానే చదువుతోంది. దాని పని తర్వాత.

డాలస్_అమ్మ | 25 ఆగస్టు, ఉదయం 8:10

నాన్నగారూ, ఒక ఆలోచన. మావాడికి అక్షరాలు వచ్చు, మాటలు రావు. మీ పాపకి మాటలు వచ్చు, అక్షరాలు వస్తున్నాయి. ఇద్దరినీ వీడియో కాల్‌లో ఒకే కథ చదివిద్దామా? మాకు శనివారం రాత్రి తొమ్మిదంటే మీకు ఆదివారం పొద్దున ఏడున్నర. మీకు మెసేజ్ పెట్టాను, చూడండి.

సందేహాలరావు | 25 ఆగస్టు, ఉదయం 9:00

ఫోన్ తీసేయమని నేను మొదట్లో అన్నాను. దీనికైతే ఉంచండి.

ఖమ్మం_నాన్న | 31 ఆగస్టు, ఉదయం 9:20

ఇవాళ మొదటి కాల్ అయింది. నలభై నిమిషాలు. మొదటి పది నిమిషాలు ఇద్దరూ సిగ్గుపడి తల్లుల వెనక దాక్కున్నారు.

కథలో ఒక అవ్వ గోంగూర కోసే సంగతి ఉంది. బాబు వాక్యాన్ని వార్తలు చదివినట్టు చదివేసి, "కాడ అంటే ఏంటి?" అన్నాడు. పాప "కాడ తెలీదా?" అని నోరెళ్లబెట్టి వంటింట్లోకి పరిగెత్తింది. గోంగూర లేదు, తోటకూర కట్ట పట్టుకొచ్చి కెమెరాకి ఆనించి, "ఇది ఆకు, ఇది కాడ, తుంచితే ఇలా టప్‌మంటుంది" అని తుంచి వినిపించింది. నాలుగైదు కాడలు తుంచింది. మధ్యాహ్నం పప్పులోకి ఉంచినది మొత్తం అయిపోయేలా ఉందని మా ఆవిడ లాక్కుంది.

తన వంతు వచ్చినప్పుడు "చంద్రుడు" దగ్గర ఆగింది. నేను ఐదు లెక్కపెడుతున్నాను. మూడో అంకె దగ్గరే అవతలి నుంచి బాబు, "ద దగ్గర హాఫ్ తిను, కింద ర ఉంది చూడు" అన్నాడు. పాప నా వైపు తిరిగి, "మింగు అనాలి, తిను కాదు" అని నాకు చెప్పి, చదివింది.

వచ్చే ఆదివారం గోంగూర తెచ్చి ఉంచమంది.